నాలుగో పంజరం

ఎలుక మెదడును కాగితం కంటే పల్చగా కొయ్యడం నాలుగు నెలలు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. కోసిన ముక్కని చిరగనివ్వకుండా, మడత పడనివ్వకుండా నీళ్లలోంచి గాజు పలక మీదికి ఎక్కించడం మాత్రం అందరికీ రాదు. దానికి చెయ్యి కుదరాలి. ఆ ల్యాబులో అలా చెయ్యి కుదిరిన మనిషి ఒక్కతే. పదకొండేళ్లుగా అదే స్టూలు, అదే కిటికీ పక్క, అదే సన్నటి కుంచె. చిన్నా పెద్దా అందరూ, ఆఖరికి ఆమె కంటే పదేళ్లు పెద్దయిన గేటు కాపలాదారు కూడా, అక్కా అనే పిలుస్తారు కాబట్టి మనమూ అక్క అనే అనుకుందాం.

ఆ సోమవారం పొద్దున అక్క చెయ్యి పని మీదే ఉంది గానీ మనసు మాత్రం శుక్రవారం సాయంత్రం దగ్గరే ఆగిపోయింది. శుక్రవారం లెక్కలు విప్పారు మరి.

ఏం లెక్కలంటే చెబుతాను, అంత చిక్కు వ్యవహారమేం కాదు. పుట్టి పది రోజులైన ఎలుకపిల్లల తల మీద ఒక్కసారి, కొద్ది నిమిషాల పాటు రేడియేషన్ పడనిస్తారు. తర్వాత రెండు నెలలు పెంచి మెదడు తీసి చూస్తారు, చిన్నప్పటి ఆ దెబ్బ పెద్దయ్యాక ఏం మిగిల్చిందో. మెదడు లోపల వంకర తిరిగిన చోటు ఒకటుంది. జ్ఞాపకానికి అదే ఆయువుపట్టు. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరుంది. అక్క దాన్ని వంకీ అంటుంది, ఇప్పుడు ల్యాబంతా వంకీ అనే అంటోంది. ఆ వంకీ లోపలి అంచున కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. పుట్టిన కొత్తలో వాటిలో ఒక ప్రొటీన్ ఉంటుంది, కణం ముదిరాక అది పోతుంది. వాళ్లు వేసే రంగు ఆ ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. కాబట్టి గోధుమరంగు చుక్క కనిపించిందంటే అక్కడో కొత్త కణం పుట్టిందన్నమాట. ఆ చుక్కల్నే అక్క మైక్రోస్కోపులో చూసి లెక్కపెడుతుంది. చుక్కకో నొక్కు, ఎడమచేతిలో ఉన్న కౌంటర్ మీద.

మొత్తం ఎనిమిది పంజరాలు, పంజరానికి ఐదు ఎలుకలు. మొదటి నాలుగు పంజరాల వాటికి రేడియేషన్ తగిలింది, తర్వాతి నాలుగింటికి లేదు. ఏ గాజు పలక ఏ పంజరానిదో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు. తెలిస్తే కన్ను ఒక పక్కకి మొగ్గుతుంది. అందుకని పరిశోధన చేస్తున్న అమ్మాయి, అందరూ కళ్లజోడు అని ఏడిపించే పిల్ల, నంబర్ల మీద నల్ల టేపు అంటించి, పెట్టెకో గుర్తు రాసి ఇచ్చింది. ఒక్కో పెట్టె ఒక్కో పంజరం. ఆరు వారాలు కళ్లల్లో వత్తులు వేసుకుని లెక్కపెట్టింది అక్క. శుక్రవారం టేపులు పీకి చూశారు.

రేడియేషన్ తగలని ఎలుకకి వంద చుక్కలుంటే, తగిలినదానికి ముప్పై, మహా అయితే ముప్పై ఐదు. మూడు పంజరాల్లోనూ అంతే. నాలుగో పంజరంలో మాత్రం డెబ్బై ఎనిమిది.

ఆ అంకె చూడగానే అక్క గుండె ఝల్లుమంది. కళ్లజోడు మొహం మాడిపోయింది. పాపం ఆ పిల్లదీ తప్పు లేదు. చిన్నప్పుడు రేడియేషన్ తగిలిన మెదడులో కొత్త కణాలు మళ్లీ పుంజుకోవని మూడేళ్లుగా రాసుకొస్తోంది. తీరా ఒడ్డుకి చేరే సమయానికి ఈ అంకె అడ్డం పడింది. శని, ఆదివారాలు ఆ పిల్ల నిద్రపోలేదని సోమవారం ఆమె కళ్లు చూస్తేనే తెలిసింది. అక్కని చూసి నవ్వలేదు, పక్క నుంచి వెళ్లి మేడమ్ గదిలో దూరింది. పావుగంటకి పిలుపు వచ్చింది.

మేడమ్ అంటే ఆ ల్యాబుకి పెద్ద. అరవైకి దగ్గరపడ్డ మనిషి. గట్టిగా అరవడం ఆవిడకి రాదు. ఏదైనా కటువైన మాట చెప్పాల్సొస్తే ముందు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడుతుంది. అక్క లోపలికి వెళ్లేసరికి అద్దాలు బల్ల మీదే ఉన్నాయి.

"కూర్చో. నీ పనిని నేనెప్పుడూ శంకించలేదు. ఇప్పుడూ శంకించడం లేదు. కానీ నువ్వు తల్లివి. నాలుగో పంజరం పెట్టె నువ్వు లెక్కపెట్టిన వారమే పాపని ఆసుపత్రికి పరీక్షలకి తీసుకెళ్లొచ్చావు. అక్కడేం చెప్పారో నాకు తెలుసు. ఆ స్థితిలో నేనున్నా నా కళ్లు లేని చుక్కల్ని చూసేవి."

అక్క నెమ్మదిగా, నంబర్ల మీద నల్ల టేపు ఉంది కదా అంది. టేపు ఉంది, నిజమే. కానీ ఆ పలకని దీపానికి ఎదురుగా పెడితే టేపు వెనక నంబరు మసగ్గా కనిపిస్తుందట. ఆ సంగతి కళ్లజోడు ఇప్పుడే చూపించిందట.

"నువ్వలా పెట్టి చూశావని నేననడం లేదు," అంది మేడమ్.

అనడం లేదంటూనే అనడం అంటే ఇదే. తిట్టినా బాగుండేది, తిరిగి ఓ మాట అనేసి బయటికి రావచ్చు. జాలిపడే మనిషిని ఏమనగలం. ఇక లెక్కపెట్టే పని వద్దనీ, ప్రస్తుతానికి వేరే మెదళ్లు కొయ్యమనీ, నాలుగో పంజరం సంగతి తను చూసుకుంటాననీ మేడమ్ చెప్పింది. అక్క సరేనని లేచి వచ్చి, కుంచె కడిగి, నీళ్లు విదిలించి, బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. పదకొండేళ్లలో ఒక్క ముక్క పోగొట్టలేదు, ఒక్క అంకె దిద్దలేదు. అలాంటిది ఇంత మాట పడింది. ఒళ్లు మండిపోయింది. అంతకంటే అన్యాయం ఏమిటంటే, ఆ మాట నిజమేమోనని సాయంత్రానికి తనకే అనుమానం మొదలైంది.

అక్క వాళ్ల ఇల్లు మూడో అంతస్తు. సాయంత్రం ఐదయ్యేసరికి కింద ఆవరణలో ఆ భవనంలోని పిల్లలంతా చేరి పీకి పందిరేస్తారు. అక్క ఇంటికి రాగానే చేసే మొదటి పని ఆ వైపు కిటికీ మూసెయ్యడం. చిట్టి చదువుకోవాలి కదా.

చిట్టికి ఎనిమిదేళ్లు. మూడేళ్ల వయసులో తలలో గడ్డ వచ్చింది. ముప్పై సార్లు రేడియేషన్ ఇచ్చారు, గడ్డ పోయింది, మళ్లీ రాలేదు. పిల్ల దక్కింది. దక్కిన పిల్లకి మూడు వస్తువులు తెమ్మంటే రెండు గుర్తుంటాయి, క్లాసులో అందరూ పుస్తకాలు సర్దుకుంటుంటే తను ఇంకా రెండో లైనులో ఉంటుంది. ఏం మిగిలిందో, ఏం పోయిందో ఈ లోకంలో ఏ తల్లికీ తెలియనంత బాగా అక్కకి తెలుసు. రోజూ అదే చూస్తుంది మరి, వంద చుక్కలుండాల్సిన చోట ముప్పై. అందుకే తనకి తానే ఒక సూత్రం పెట్టుకుంది. ఉన్నవే తక్కువ కాబట్టి ఉన్నవాటిని అలిసిపోనివ్వకూడదు. చప్పుడు ఉండకూడదు, పరుగులు ఉండకూడదు, నలుగురిలో పడి తికమకపడకూడదు. బడి నుంచి తిన్నగా గదిలోకి, గదిలో బల్ల ముందుకి. ఇలా చెయ్యమని ఏ డాక్టరూ చెప్పలేదు. చెయ్యవద్దని కూడా ఎవరూ చెప్పలేదు, ఎవరినీ ఆవిడ అడగలేదు కాబట్టి.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. మనుషుల్ని పైకీ కిందకీ పంపించే పని కదా, ఇంట్లోనూ అదే గొడవ ఆయనకి. పిల్లని కాసేపు కిందకి పంపుదామే అని వారానికోసారైనా అంటాడు. అక్క ఒప్పుకోదు. కిందటేడు ఒకసారి పంపారు. ఆటలో తనవంతు ఎప్పుడో మర్చిపోయి చిట్టి మధ్యలో నిలబడిపోతే, ఒక పిల్ల, దీనికి చెప్పినా ఒకటే గోడకి చెప్పినా ఒకటే అంది. అందరూ నవ్వారు. చిట్టి ఆ మాట సాయంత్రానికే మర్చిపోయింది. అక్క ఏడాదైనా మర్చిపోలేదు.

ఆ సోమవారం సాయంత్రం చిట్టి చూచిరాత రాస్తుంటే అక్క పక్కన కూర్చుంది. ఒక అక్షరం కాళ్లు తేలిపోయి, అదేమిటో ఎవరూ పోల్చుకోలేనట్టు ఉంది. ఫరవాలేదు, ఒప్పే అనుకుని అక్క టిక్కు పెట్టేసింది. పెట్టాక పెన్ను అక్కడే ఆగింది. వేరే వాళ్ల పిల్ల రాసి ఉంటే దీనికి టిక్కు పెట్టేదా. పెట్టేది కాదు. మరి మైక్రోస్కోపు దగ్గర ఇంకెన్నిటికి పెట్టిందో. మొగుడు బూట్లు విప్పుకుంటూ ఏమైందని అడిగాడు. అక్క పొద్దున జరిగింది చెప్పింది. ఆయన సానుభూతిగా ఏదో అనబోయాడు గానీ ఆవిడ అననివ్వలేదు.

"వాళ్లు అన్నందుకు కాదండీ నా బాధ. నేను నిజంగానే లేనివి చూశానేమో. అలా అయితే ఆ డెబ్బై ఎనిమిదీ లేదు, ముప్పై ఐదే ఉంది. చిట్టికీ అంతే ఉంది."

అదీ సంగతి. ఉద్యోగం పోతుందన్న దిగులు కాదు ఆవిడది. ఆ నాలుగో పంజరంలో ఐదు ఎలుకలు నిజంగా కోలుకున్నాయా, లేక తన కడుపుతీపి వాటిని కోలుకున్నట్టు చూపించిందా. ఇది తేలకపోతే ఇక తన కళ్లని తను నమ్మలేదు, చిట్టి విషయంలో ఏ ఆశా పెట్టుకోలేదు.

మంగళవారం వెళ్లేసరికి తన స్టూలు మీద మేడమ్ కూర్చుని ఉంది.

ల్యాబులో జనం నివ్వెరపోయారు. ఆవిడ మైక్రోస్కోపు ముందు కూర్చుని పదేళ్లు దాటింది. రాతకోతలు, మీటింగులు, ఉత్తరాలు, వీటికే పొద్దు చాలదు ఆవిడకి. ఇప్పుడు ఒక్కో పెట్టె నుంచి రెండేసి ఎలుకల పలకలు తీయించి, కళ్లజోడు చేత ఈసారి నల్ల టేపు మీద మెరుపుకాగితం కూడా అంటించి, గుర్తులు మార్పించి, వరసలు కలిపేయించి, తనే లెక్కపెడతానని కూర్చుంది. దీపానికి పెట్టినా ఏమీ కనపడదు. తన కన్నుకీ ఏదీ తెలియకూడదట.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మొదటి గంట ఆవిడ పడ్డ అవస్థ చూస్తే నవ్వొస్తుంది. చిన్న మర తిప్పాల్సిన చోట పెద్ద మర తిప్పి, పలక కాస్తలో పగలగొట్టేది. మైక్రోస్కోపులో కనిపించే గడి గీత మీద పడ్డ చుక్కని లెక్కలోకి తీసుకోవాలో అక్కర్లేదో మర్చిపోయింది. మొహమాటపడుతూ అక్కని పిలిచింది. పైగీత, ఎడమగీత తాకినవి లెక్క, కిందిగీత, కుడిగీత తాకినవి లెక్క కాదు, అలా అయితేనే ఒకే చుక్క రెండుసార్లు పడదు అని అక్క చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, కన్ను మాత్రం మైక్రోస్కోపుకి పెట్టలేదు. పెడితే మళ్లీ ఏం మాట వస్తుందోనని.

ఆ రోజంతా, మర్నాడంతా అక్క గది ఇవతలి మూల కోత మిషన్ దగ్గర కూర్చుంది. గడ్డకట్టిన మెదడు మీద బ్లేడు వెళ్లి వస్తుంటే ఒక్కో ముక్క ముడుచుకుంటూ లేస్తుంది, దాన్ని కుంచెతో తాకి, విప్పి, నీళ్ల గుంటలో వదలాలి. ఒక్కో ముక్కకి ఒక్కో గుంట. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చెవులు మాత్రం అవతలి మూలనే ఉన్నాయి. కౌంటర్ టిక్కుమంటుంది, ఆగుతుంది, మళ్లీ రెండు టిక్కులు. ఎక్కువసేపు ఆగితే అక్క గుండె జారిపోయేది. గబగబా నొక్కుతుంటే, బాబోయ్ ఇది ఏ పెట్టెదో అనుకునేది. రేడియేషన్ తగలనివైనా అంతే వేగంగా మోగుతాయి కదా, ఆ చప్పుడు పట్టుకుని ఏం తెలుసుకుంటుంది, పిచ్చి కాకపోతే. ఆ సంగతి తెలిసీ వినకుండా ఉండలేకపోయింది.

బుధవారం మధ్యాహ్నం కళ్లజోడు వచ్చి పక్కన నిలబడింది. ఏదో చెప్పాలని వచ్చి నీళ్లు నమిలింది. చివరికి, దీపానికి పెడితే కనపడుతుందని చెప్పాను గానీ నువ్వు పెట్టావని చెప్పలేదక్కా అంది. అక్కకి ఆ పిల్లని చూస్తే కోపం రాలేదు. చెప్పాల్సింది చెప్పావులే, భోజనం డబ్బా తెచ్చుకున్నావా లేదా అని అడిగింది. తెచ్చుకోలేదట. అక్క తన డబ్బాలోంచి సగం పెట్టింది.

గురువారం మూడింటికి మేడమ్ మెడ నొక్కుకుంటూ లేచింది. కళ్లజోడు మెరుపుకాగితాలు పీకింది, ఇద్దరూ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. అరగంట పట్టింది. అక్క ఆ అరగంటలో ఒక్క ముక్క కూడా కొయ్యలేదు, చెయ్యి వణికితే మెదడు పాడవుతుందని మిషన్ ఆపేసి కూర్చుంది.

పిలిచినప్పుడు అద్దాలు మేడమ్ మొహం మీదే ఉన్నాయి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అక్క వైపు తిప్పింది. ఒకటి అక్క లెక్క, ఇంకోటి తన లెక్క. నాలుగో పంజరం దగ్గర అక్కది డెబ్బై ఎనిమిది. మేడమ్‌ది ఎనభై ఆరు.

అక్కకి ముందు అర్థం కాలేదు. తప్పు లెక్క అంటే తక్కువ రావాలి గానీ ఎక్కువ వస్తుందేమిటి.

"అన్ని పెట్టెల్లోనూ నా లెక్కే ఎక్కువ," అంది మేడమ్. "పదికి ఒకటి చొప్పున. ఎందుకో చూద్దామని రెండు పలకలు మళ్లీ పెట్టి చూశాను. పాలిపోయినట్టున్నవి, కణానికుండే తోక సరిగ్గా కనపడనివి నువ్వు వదిలేశావు. ఒక్క పెట్టెలో కాదు, ఎనిమిదింటిలోనూ అదే కొలత. ఏది ఏదో తెలిసిన మనిషికి అలా సమానంగా వదలడం కుదరదు. ఎందుకు వదిలేశావు?"

అక్క కాగితాల వైపే చూస్తూ చెప్పింది. "సందేహం వచ్చినదల్లా వదిలేశాను మేడమ్. మొదటి రోజు నుంచీ. నా కళ్లకి ఎక్కువ చూడాలని ఉంటుందని నాకు తెలుసు."

మేడమ్ ఇక కూర్చోలేదు. అక్క భుజం మీద చెయ్యి వేసి హాల్లోకి తీసుకొచ్చింది. కోతల దగ్గరున్నవాళ్లు, సీసాలు కడుగుతున్నవాళ్లు తలెత్తి చూశారు. సోమవారం తను ఈమెతో ఒక మాట అన్నాననీ, అది నలుగురికీ తెలిసిందనీ, అది తప్పనీ, ఈ గదిలో అందరికంటే నిక్కచ్చిగా చూసే కళ్లు ఈమెవేననీ చెప్పింది. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి, చేతులకి తొడుగులుండటంతో మోచేత్తో తుడుచుకుంది.

కళ్లు సరైనవే. మరి ఆ పంజరంలో ఏం జరిగినట్టు. రేడియేషన్ సరిగ్గా తగల్లేదేమోనని కళ్లజోడు మిషన్ చీటీలన్నీ తిరగేసింది. మిగతా వాటికి తగిలినంతా తగిలింది. తగిలిన ఎలుకలకి నడినెత్తిన జుట్టు బూడిదరంగుకి తిరుగుతుంది, నాలుగో పంజరం ఎలుకల ఫొటోల్లోనూ ఆ మచ్చ ఉంది. ఇక మిగిలింది ఎలుకల గది ఒక్కటే. నేను కనుక్కొస్తానని అక్క కిందకి దిగింది.

ఎలుకల గది చూసుకునేది ఒక పెద్దాయన. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ రంపపు పొట్టు వాసనలోనే ఉంటాడు. అక్క బూట్ల మీద సంచులు తొడుక్కుని లోపలికి వెళ్లేసరికి నీళ్ల సీసాలు మారుస్తున్నాడు. ప్రతి సీసానీ తలకిందులు చేసి, ముక్కుని బొటనవేలితో ఓసారి మీటి, చుక్క రాలిందో లేదో చూసి మరీ బిగిస్తాడు. అక్క నాలుగో పంజరం గురించి అడిగింది.

"నాలుగోదా?" అన్నాడు బాబాయ్. "అవి పంజరంలో ఎక్కడున్నాయమ్మా?"

ఆయన చెప్పిందంతా అక్క గోడకి ఆనుకుని వింది. పంజరాలు కడిగే మిషన్ చెడిపోయి మూతలు తక్కువ పడ్డ రోజులట. నాలుగో పంజరం మూత విరిగింది. వేరేది అడిగితే వచ్చే వారం అన్నారు, ఆ వచ్చే వారం రాలేదు. ఎవరో పాత పరిశోధనకి వాడి వదిలేసిన పెద్ద తొట్టి ఒకటి మూలన ఉంది, అందులో తిరిగే చక్రం, నిచ్చెన, దూరే గొట్టాలు అన్నీ ఉన్నాయి. కడిగి ఈ ఐదింటినీ అందులో వేశాడు. ఏ లెక్కలోనూ లేని అదే ఈడు ఎలుకలు ఏడు మిగిలి ఉంటే వాటినీ కలిపేశాడు. మొదటి రెండు రోజులు ఈ ఐదూ మబ్బుగా ఓ మూలకి నక్కాయట, చక్రం జోలికే పోలేదు. వారం తిరిగేసరికి చక్రం కోసం కొట్టుకున్నాయి. వాటికి విసుగు పుడుతుందని ఆదివారం ఆదివారం గొట్టాల చోట్లు మార్చేవాడట. పంజరానికి తగిలించాల్సిన నాలుగో నంబరు కార్డు తొట్టికి తగిలించాడు. ఆ గదిలో కార్డు ఎక్కడుంటే అదే పంజరం. రోజూ నింపే కాగితంలో తిండి, నీళ్లు, బరువు, శుభ్రం అని నాలుగు గళ్లున్నాయి. నాలుగూ ఒక్క రోజు తప్పకుండా నింపాడు. ఎందులో పెంచుతున్నావని అడిగే గడి లేదు.

చెప్పడం అయ్యాక అక్క మొహం చూసి ఆయనకి భయం పట్టుకుంది. "ఏమైనా పాడైందా అమ్మా? నా వల్ల ఎవరైనా మాట పడ్డారా?"

"నేనే పడ్డాను బాబాయ్," అంది అక్క. "పడితే పడ్డానులే. ఇంకోసారి చెప్పు, మొదట్లో మూలకి నక్కాయన్నావే, ఎవరు ముందు బయటికి తెచ్చారు వాటిని?"

"ఎవరు తెస్తారమ్మా. పక్కనవి ఆడుకుంటుంటే అవే వచ్చాయి."

ఆయన తొడుగులు విప్పేసి, నువ్వు చెప్పడం ఎందుకు, చేసింది నేను కాబట్టి నేనే వచ్చి చెబుతానన్నాడు. పైకి వచ్చాక మేడమ్ గది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మేడమ్ కుర్చీ చూపించింది. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. అంచు మీద కూర్చుని, తప్పు చేశాను, మీరేం రాయాలంటే అది రాసుకోండి అన్నాడు. మేడమ్ రాసుకోవడం మొదలుపెట్టింది. తొట్టి కొలత ఎంత, చక్రాలు ఎన్ని, ఏ రోజున కలిపావు, గొట్టాలు ఎలా మార్చేవాడివి అని అడుగుతూ రెండు పేజీలు నింపింది. ఆయనకి తను దొంగలా దొరికిపోయాడో, పెద్దమనిషిలా సలహా ఇస్తున్నాడో అర్థం కాలేదు పాపం.

అంతా విన్నాక మేడమ్ పెన్ను మూసింది. నాలుగో పంజరం లెక్క ఈ థీసిస్‌లో పనికిరాదు, తీసెయ్యాల్సిందే అంది. కళ్లజోడు తల ఊపింది. ఇదే పనిని ఇప్పుడు కావాలని చేద్దాం, సగం పంజరాల్లో, సగం తొట్లలో, తొట్ల వ్యవహారం బాబాయ్ చూస్తాడు, లెక్కపెట్టేది అక్కే అంది. ఆ పిల్ల మొహంలో ఆరు రోజుల తర్వాత నెత్తురుచుక్క కనిపించింది. పుంజుకోవని రాసినదాని పక్కన, ఉత్త పంజరంలో పెంచితే అని ఒక్క మాట చేర్చాలేమో కదా మేడమ్ అని అడిగింది. తొందరపడకు, చూసి చేర్చు అంది మేడమ్.

అక్క వెళ్లబోతుంటే మేడమ్ మళ్లీ పిలిచింది. ఇవి ఎలుకలు, ఒక్క తొట్టి, ఐదే ఐదు, దీన్ని పాపతో కలిపి చూసుకోకు అని జాగ్రత్త చెప్పింది. తెలుసు మేడమ్ అంది అక్క. తెలుసు కూడా. సందేహం వచ్చిన చుక్కని వదిలేసే మనిషికి ఆ మాత్రం తెలియదా. కానీ బస్సులో కూర్చున్నాక ఆవిడ బుర్రలో కణాలూ లేవు, ప్రొటీనూ లేదు. పక్కనవి ఆడుకుంటుంటే అవే వచ్చాయన్న మాటే తిరుగుతోంది. చిట్టిని ఆ గదిలో కూర్చోబెట్టమని తనకి ఎవరు చెప్పారు. ఎవరూ చెప్పలేదు. అలిసిపోతుందని తనే అనుకుంది, తనే తలుపు వేసింది. అది కాపాడటమని ఐదేళ్లు నమ్మింది. ఒక్క రోజు కూడా తప్పకుండా తిండి పెట్టింది, నీళ్లు పెట్టింది, బరువు చూసింది.

ఐదున్నరకి ఇల్లు చేరింది. చిట్టి బల్ల ముందు బుద్ధిగా కూర్చుని ఉంది. మొగుడు ఆ రోజు తొందరగా వచ్చాడు. అక్క సంచి కింద పెట్టి, చెప్పులు వేసుకోవే, కిందకెళ్లి ఆడుకుని రా అంది. చిట్టి తండ్రి వైపు చూసింది, తను విన్నది నిజమేనా అన్నట్టు. ఆయన మారుమాట్లాడకుండా చెప్పులు తెచ్చి పిల్ల కాళ్ల ముందు పెట్టాడు.

పిల్ల మెట్లు దిగింది. రెండు నిమిషాలాగి అక్క కూడా దిగబోయింది. మొగుడు చెయ్యి పట్టుకున్నాడు. నువ్వక్కడ నిలబడితే అది నిన్నే చూస్తుందిగానీ ఆడదు అన్నాడు. అందులో న్యాయముంది కాబట్టి మొదటి అంతస్తు మెట్ల దాకానే దిగి అక్కడ కూలబడింది. అక్కడికి ఆవరణ కనపడదు, గోల మాత్రం వినపడుతుంది. ఆ గోలలో చిట్టి గొంతు ఏదో పోల్చుకోవాలని చూసింది. ఒకసారి అందరూ ఒక్కసారిగా నవ్వారు. అక్క లేచి నిలబడింది. ఎవరిని చూసి నవ్వారో. దిగనా వద్దా అని రెయిలింగు పట్టుకుని అలాగే ఉండిపోయింది. మళ్లీ పరుగుల చప్పుడు మొదలయ్యాక కూర్చుంది. మంగళ, బుధవారాలు కౌంటర్ చప్పుడు వింటూ కూర్చోవడం దీని ముందు ఎందుకూ పనికిరాదు.

ఇంకా వెలుతురు ఉండగానే చిట్టి వచ్చింది. మోకాలు గీరుకుపోయింది, జుట్టు నిండా దుమ్ము, ఒక కాలికి చెప్పు లేదు. మెట్ల మీద తల్లిని చూసి పక్కన కూర్చుంది, రొప్పుతోంది. అక్క పైటతో మోకాలు తుడుస్తూ ఎవరెవరితో ఆడావని అడిగింది. చిట్టి ఆలోచించింది. పేర్లు చెప్పారు గానీ గుర్తులేవంది. ఏ ఆట అంటే పరిగెత్తే ఆట అంది. చెప్పు ఏదే అంటే కాళ్ల వైపు చూసుకుని, అరె అంది.

అక్కకి పాత దిగులంతా తిరిగి వచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగింది, ఎవరైనా ఏమైనా అన్నారా అని.

"అన్నారు."

"ఏమన్నారే?"

"రేపు కూడా రమ్మన్నారు."

అక్క పిల్ల తల ఒళ్లోకి లాక్కుని దుమ్ము దులుపుతున్నట్టు జుట్టులో వేళ్లు పోనిచ్చింది. చెప్పు వెతకడానికి పైనుంచి మొగుడు దిగి వస్తున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి, ఎన్నింటికి రమ్మన్నారో గుర్తుందా అని అడిగింది.

"ఐదింటికి," అంది చిట్టి, తడుముకోకుండా.